రథానికి రంగెందుకు

నా ఎర్ర మారుతి 800ని చూసిన ప్రతివాడూ నాకు గీత బోధిస్తాడు. అర్చకుడికే గీతా అని కూడా ఆలోచించరు. పాతబట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు అన్న పోలికే అందరికీ నోటికొచ్చేది. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్లో, "ఇంకా ఆ బండి మీద మోహమెందుకు నాన్నగారూ, స్క్రాప్‌కి ఇచ్చేయండి" అంటాడు. 1999 బండి. పదిహేనేళ్ల ఆర్‌సీ గడువు 2014లో తీరింది. ఆ ఏడాది జనవరిలోనే 800 తయారీ కూడా ఆగిపోయింది. అప్పట్నుంచి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటున్నాను. బానెట్ మీద ఎరుపు వెలిసి గులాబీ అయింది. నల్ల బంపర్లయితే, వైష్ణవుడి బండికి ఎవరో పంతానికి విభూతి పూసినట్టు తెల్లబడ్డాయి.

ఆ శ్లోకం నాకూ వచ్చు. యుద్ధంలో చంపడానికి వెనుకాడినవాడికి చెప్పిన మాట అది. బట్ట విడిచేదాకా దాన్ని ఎలా కట్టుకోవాలో అందులో లేదు. ఉతక్కుండా కట్టుకోమనీ లేదు.

కఠోపనిషత్తులో శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. బౌద్ధుల మిళిందపన్హలో నాగసేనుడు యవనరాజు మిళిందుణ్ణి, నువ్వు వచ్చిన రథం ఏదని అడుగుతాడు. నొగా, ఇరుసా, చక్రాలా, కాడా, పగ్గాలా అని ఒక్కొక్కటే తీసి, ఏదీ రథం కాదని రాజు చేతే ఒప్పిస్తాడు. రెండు జాబితాలూ వెతికాను, రంగు ఎక్కడా లేదు. ఒకరికి లోపలివాడు కావాలి, మరొకరికి లోపల ఎవడూ లేడని చూపాలి. పైపూత ఇద్దరికీ పట్టలేదు. తెల్లారి లేస్తే విగ్రహాన్ని కడిగి, తుడిచి, అలంకరించే నాబోటివాడికి మాత్రం పైపూత తీసిపారేసేంత చిన్న విషయం కాదు.

రావులపాలెంలో ఒక పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి ముందు బానెట్ తడిపి 2000 నంబరు వాటర్ పేపరుతో రుద్దాడు, తర్వాత రబ్బింగ్ కాంపౌండు పెట్టాడు. తెల్లగుడ్డ ఎర్రబడింది. "మురికి బాగానే ఊడొస్తోందయ్యా" అన్నాను. "మురికి కాదండయ్యగారూ, రంగేనండి అది" అన్నాడు.

నా బండికి రంగు మీద క్లియర్ కోటు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే బంకను తినేస్తాయి. పట్టు తప్పిన రంగు పొడిలా పైన నిలుస్తుంది. ఆ పొడి తీసేస్తే కింద ఇంకా బతికున్న ఎరుపు బయటపడుతుంది. ప్రైమరుతో కలిపి చూసినా మొత్తం పూత మందం మిల్లీమీటరులో పదోవంతు ప్రాంతం. మెరిపించిన ప్రతిసారీ అందులో కొంత గుడ్డకు అంటుకుని పోవలసిందే.

అద్దం మీద దుమ్ము తుడిస్తే ముఖం కనబడుతుందని, అజ్ఞానం తొలగితే ఆత్మ తానే వెలుగుతుందని వేదాంతులు చెబుతారు. అక్కడ పోయేది వేరు, మిగిలేది వేరు. తుడిచినందువల్ల అద్దానికి నష్టం లేదు. బానెట్ దగ్గర ఈ లెక్క కుదరలేదు. పోయేదీ ఎరుపే, మిగిలేదీ ఎరుపే. మనుషుల విషయంలో నాకు ఈ రెండో లెక్కే నిజమనిపిస్తుంది. ఈ వయసులో నా కోపాన్ని ఏ సాధనతో రుద్ది తీసినా, దానితోపాటు నేనూ కొంత పోతాను.

మేస్త్రి పేపరు పట్టుకోకముందే బానెట్ మడతల మీద, తలుపుల అంచుల మీద మాస్కింగ్ టేపు అంటించాడు. అంచుల్లో పూత పల్చన, రబ్బింగు ముందుగా అక్కడే కొరికి ప్రైమరు తేల్చేస్తుంది. టేపు తీశాక ఆ గీతలు గులాబీగానే కనబడ్డాయి. చేత్తో తేలిగ్గా తుడిచి వదిలేశాడు. మా గుడి గరుడవాహనానికి జరిగింది దీనికి తలకిందులు. ఏటా కల్యాణోత్సవాల ముందు పాత ఎనామిల్ మీదే కొత్తది వేస్తూ వచ్చారు. ఆ పూతల కింద ముక్కు మొద్దుబారింది, రెక్కల ఈకలు చదునయ్యాయి. చెక్కినవాడి ఉలి ఎక్కడ తిరిగిందో ఇప్పుడు చూద్దామన్నా కనబడదు. గీకితే అంచు అరుగుతుంది, పూస్తే పూడిపోతుంది.

బంపరుకు గీకే దారి లేదు. ప్లాస్టిక్కులో మసి కలిపి పోతపోసిన నలుపది. ఎండకు దాని పైపొర చిట్లి గరుకుబారుతుంది, గరుకు వెలుతురును చెదరగొడుతుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది. హాట్ గన్‌తో కాస్తే నల్లబడుతుంది గానీ మాటిమాటికీ కాస్తే పెళుసవుతుందని మేస్త్రే వద్దన్నాడు. సిలికాన్ నూనె పట్టించాడు. నిమిషంలో నిగనిగలాడింది. నాకు నవ్వొచ్చింది. మూలవిరాట్టుకు నేను చేసేదీ అదే. అభిషేకమై ఆరిన శిల బూడిదరంగులో ఉంటుంది. నువ్వులనూనె పట్టిస్తే రాతి రంధ్రాలు నిండి, వెలుతురు చెదరక, నల్లనివాడు కళ్లముందు నిలుస్తాడు. భౌతికశాస్త్రం రెండుచోట్లా ఒకటే. ఇది చెబితే కొందరు భక్తులు నొచ్చుకుంటారు. నాకైతే తైలం సంగతి తెలిశాక భక్తేమీ తగ్గలేదు.

రెండు గట్టి వానలకు బంపరు మీద నూనె కడుక్కుపోతుంది. మళ్లీ పట్టించాలి. మీమాంసకులు నిత్యకర్మను కామ్యకర్మ నుంచి విడదీశారు. కామ్యం కోరికతో చేసేది, దానికి ఫలం ఉంది. సంధ్యావందనం వంటి నిత్యకర్మ చేస్తే కొత్తగా చేతికొచ్చేదేమీ లేదు, మానితే మాత్రం దోషం. "ఫుల్ పెయింటింగ్ కొట్టించండయ్యగారూ, షోరూము నుంచి దించినట్టుంటదండి" అని మేస్త్రి ఆశపెట్టాడు. అదిగో, అది కామ్యం. 1999ని వెనక్కి తెచ్చుకోవాలన్న కోరిక. మా అబ్బాయి అనే మోహం అక్కడుంది. వానలు వెలిసినప్పుడల్లా నూనెగుడ్డ పట్టుకోవడంలో నాకది కనబడలేదు. ఫుల్ పెయింటింగ్ వద్దన్నాను. చేతిలో డబ్బు లేకపోవడం కూడా వైరాగ్యానికి కొంత సాయపడిందనుకోండి.

మరి ఎన్నాళ్లు? దీనికి ఉపనిషత్తుల కన్నా ఆగమం దగ్గర నాకు తిన్నని సమాధానం దొరికింది. జీర్ణోద్ధారణలో ముందు మూర్తిలోని కళను కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక మందిరంలో ఉంచుతారు. శిల్పి చెయ్యి పడేది ఆ తర్వాతే. తిరుమలలో పన్నెండేళ్లకోసారి చేసే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టులో జరిగినప్పుడూ ఇదే వరుస. వేలికొన, ఆభరణం వంటివి చెడితే బాగుచేసుకోవచ్చు. తల, మొండెం వంటి ప్రధానాంగం విరిగితే ఆ మూర్తిని వదలాల్సిందే. శిలనైతే లోతు నీళ్లలో, దారువునైతే అగ్నిలో. లోహాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు.

నా బండికి ప్రధానాంగం ఫ్లోరు. కోనసీమలో సముద్రపు గాలికి తుప్పు కిందనుంచే వస్తుంది. జాకీ మీద ఎత్తి మేస్త్రి స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు, గట్టిగానే ఉంది. స్క్రూడ్రైవరు దిగబడిన రోజు అబ్బాయి మాటే వింటాను, లోహానికి ఆ గతి ఉండనే ఉంది. తేలనిది బంపర్ల సంగతే. ప్లాస్టిక్కును నీళ్లలో విడవాలో, నిప్పులో వేయాలో నేను చదివిన ఏ సంహితలోనూ లేదు. ఆ రెండూ చేయకూడదని మాత్రం పంచాయతీవాళ్లు మైకులో చెప్పిస్తున్నారు.