పరువునకు వెల యెంత?

ఒకని ధనమును దొంగిలించినవాడు ఆ ధనమును మరల తెచ్చి యిచ్చినచో లెక్క సరిపోవును. ఒకని పేరును చెరిపినవాడు ఏమి తెచ్చి యిచ్చినచో లెక్క సరిపోవును? పరువునకు అంగడిలో వెల లేదు. అయినను పరువునష్టపు దావా వచ్చినప్పుడు న్యాయస్థానము తుదకు రూపాయలలోనో, పౌనులలోనో ఒక అంకెను చెప్పక తప్పదు. ఆ అంకె దేనిని కొలుచుచున్నది? నిందపడినవాని దుఃఖమునా? నిందించినవాని దోషమునా? లేక లోకమున వ్యాపించిన అబద్ధమునా? ఇది న్యాయవాదులు మాత్రమే విచారింపవలసిన ప్రశ్న కాదు. నింద న్యాయస్థానములో పుట్టదు. మన వాకిళ్ళలో పుట్టును.

పరువునష్టమునకు సొమ్ము ఇప్పించు విషయమున మన న్యాయస్థానములు ఇంగ్లండు న్యాయసూత్రములనే అనుసరించుచు వచ్చినవి గనుక, మొదట అచ్చటి అనుభవమును చూతము. అచ్చట చిరకాలము పరిహారమును నిర్ణయించుట జూరీవారి పనిగా నుండెను. 1945లో యుద్ధబందీలను చావునకు అప్పగించెనని లార్డు ఆల్డింగ్టనుపై నికొలాయి టాల్‌స్టాయి ఒక కరపత్రము వ్రాసెను. దానికి 1989లో జూరీ 15 లక్షల పౌనుల పరిహారము విధించెను. 1995లో యూరపు మానవహక్కుల న్యాయస్థానము అంత పెద్ద మొత్తము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే, ఒక పత్రికపై గాయకుడు ఎల్టన్ జాన్ గెలిచిన వ్యాజ్యమున, జూరీ ఇప్పించిన 3,50,000 పౌనులను అప్పీలు న్యాయస్థానము 75,000 పౌనులకు తగ్గించెను. ప్రమాదమున కాలో చెయ్యో పోయినవానికి దొరకు పరిహారముకంటె, పేరునకు మచ్చపడినవానికి ఎక్కువ దొరకుట లోకమునకు సహింపరానిదిగా తోచునని న్యాయమూర్తులు తలచిరి. ఇకమీదట శరీరగాయములకిచ్చు మొత్తములను జూరీకి తెలుపవచ్చునని అనుమతించిరి.

ఈ పోలిక న్యాయమైనదే; కాని దీనిలో ఇంకొక సత్యము దాగియున్నది. తెగిన కాలు మరల మొలవదు. చెడిన పేరు, నిజము బయటపడి అందరికిని తెలిసినచో, మరల నిలువవచ్చును. కావున పరువునష్టమున పరిహారము చేయవలసిన ముఖ్యమైన పని బాధితుని పెట్టెను నింపుట కాదు. అతనిపై మోపిన మాట అబద్ధమని లోకమునకు చాటుట. క్రికెటు ఆటగాడు క్రిస్ కెయిర్న్స్ ఆటలో మోసము చేసెనని లలిత్ మోదీ ట్విట్టరులో వ్రాసిన మాటపై 2012లో ఇంగ్లండులో తీర్పు వచ్చెను. ఆ వ్రాతను అచ్చట మొదట చదివినవారు సుమారు 65 మందియే యని లెక్క తేలినను, న్యాయస్థానము 90,000 పౌనులిప్పించెను. ఈ కాలమున నింద ఒక చేతి ఫోనునుండి మరియొక చేతి ఫోనునకు పాకిపోవును గనుక, ఎప్పుడో దానిని వినబోవువానికి చూపుటకును తగిన అంకె కావలెనని దాని తాత్పర్యము. అనగా ఆ సొమ్ము వెల కాదు, సాక్ష్యము.

ఇంగ్లండు 2013లో చేసిన పరువునష్టపు చట్టము ఈ మార్గముననే మరికొంత దూరము నడచినది. నింద వలన తీవ్రమైన హాని కలిగెననియో, కలుగుననియో చూపనిదే దావా నిలువదు. లాభముకొరకు నడచు వ్యాపారసంస్థ తీవ్రమైన ధననష్టమునే చూపవలెను. ప్రజాహితమునకై వ్రాయుచున్నానని సహేతుకముగా నమ్మి వ్రాసినవానికి రక్షణ కలదు. జూరీ విచారణ అరుదైనది. వీనియన్నిటికంటె ఎక్కువ నీతి గలదియు, తక్కువగా చెప్పుకొనబడునదియు వేరొక నియమము: ఓడినవాడు తీర్పు సారాంశమును ప్రకటింపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. సొమ్ము చేయలేని పనిని ఈ నియమము చేయుచున్నది.

పరిహారము తగ్గినచో ధనవంతులైన పత్రికాధిపతులు దానిని వ్యాపారపు ఖర్చుగా వ్రాసికొని నిందించుచునే యుందురు గదా యని ఎవరైన అడుగవచ్చును. ఆక్షేపము బలమైనదే. అందుకే, అబద్ధమువలన లాభమే ఎక్కువయని లెక్కవేసికొని అచ్చువేయువానిపై దండనరూపమైన మొత్తము విధించుటకు ఇంగ్లండు న్యాయము ఒప్పుకొనుచున్నది. ఎల్టన్ జాన్‌కు మిగిలిన 75,000 పౌనులలో 50,000 ఇట్టివియే. కాని ఎదుటి ప్రమాదమును మరువరాదు. కల్తీని, లంచమును బయటపెట్టినవానిపై కలవాడు కోట్లకు దావా వేసి నోరు మూయించుట నేటి వింత కాదు. గెలుచుటకు కాక, ఖర్చులతో భయపెట్టుటకే వేయు ఇట్టి వ్యాజ్యములను, ఆర్థిక నేరములను గూర్చి వ్రాయువారి విషయమున, త్వరగా కొట్టివేయుటకు బ్రిటిషు పార్లమెంటు 2023లో చట్టము చేసెను.

మన దేశపు స్థితి వేరు. ఇచ్చట పరువునష్టము నేరము కూడ. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆ నియమమును సుప్రీంకోర్టు 2016లో సమర్థించెను. పరువు జీవించు హక్కులో భాగమనెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు రెండేండ్లవరకు సామాన్య ఖైదును నిలిపియుంచి, సమాజసేవను మరియొక శిక్షగా చేర్చెను. ఇంగ్లండు ఈ నేరమును 2009 నాటి చట్టముతో తీసివేసెను. శ్రీలంక 2002లోనే తీసివేసెను. పరువు ప్రాణముతో సమానమనుట నిజమే. కాని నిందించినవాని చెరసాల నిందపడినవాని పేరును కడుగునా? చెరసాల భయము అబద్ధీకునితోపాటు సత్యవాదిని కూడ వణకించును.

సివిలు దావా మార్గమును చూడుడు. ఒక వార్తాచానలు 2008లో ఒక కుంభకోణపు కథనమున పొరపాటున మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఛాయాచిత్రమును కొన్ని క్షణములు చూపెను. 2011లో పుణే న్యాయస్థానము 100 కోట్ల రూపాయల పరిహారము విధించెను. ఆయన కలిగిన నొప్పిని నేను తక్కువ చేయను. కాని అడిగిన సొమ్మును బట్టి కోర్టు రుసుము పెరుగు దేశమున, ఊరి కొట్టువద్ద దొంగయని పిలువబడిన కూలివాడు ఏ వెల అడుగగలడు? ఒకవైపు చెరసాల, మరియొకవైపు నూరు కోట్లు. నడుమ పేదవానికి ఏమియు లేదు.

పేదవానికంటెను దిక్కులేనిది స్త్రీ. ఇంగ్లండులో నోటిమాటగా స్త్రీ శీలమును నిందించినప్పుడు ధననష్టము చూపకయే దావా వేయవచ్చునని 1891లో ప్రత్యేక చట్టము చేసిరి; 2013లో దానిని రద్దుచేసిరి. చట్టము వచ్చినను, పోయినను, గాయము మాత్రము మన నమ్మకములోనున్నది. దావా వేసినచో నింద పదిమందికి తెలియునని ఆమె మౌనము వహించును. ఆ మౌనమునే మనము ఒప్పుకోలుగా తీసికొందుము. నిప్పు లేనిదే పొగ రాదని సామెత చెప్పుదుము. నిందకు ఇంతకంటె మేలైన వకీలు వేరొకడు లేడు. ఆ పొగను ఊదుచున్నది మన నోరే యని ఆ సామెత చెప్పదు.

కావున ధర్మము ఇట్లు నిలుచును. ఎక్కడ అన్నామో అక్కడనే, ఎందరికి విన్పించితిమో అందరికిని, అంత పెద్ద గొంతుతోనే, అది అబద్ధమని చెప్పవలెను. పరిహారపు సొమ్ము దాని తరువాతది, చెరసాల అక్కరలేనిది. చట్టములు ఈ వైపునకు మెల్లగా నడచుచున్నవి. గృహములు వానికొరకు కనిపెట్టుకొని యుండనక్కరలేదు. చదువరులారా, ఫోనులో వచ్చిన ఒక నిందను రేపు పదిమందికి పంపబోవు వేళ ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఇది అబద్ధమని తేలినచో, ఆ పదిమంది గడపలను మరల తొక్కుటకు నాకు ఓపిక కలదా? లేనిచో ఆ మాటను మీ గడపలోనే ఆపుడు.