చేసినది చెరిపేస్తే

1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికతో పుట్టిన సూపర్‌మ్యాన్ 2011 ఆగస్టుకు 904వ సంచికకు చేరాడు. సెప్టెంబరులో అదే పత్రిక అట్ట మీద మళ్లీ 1 అని పడింది. డీసీ కామిక్స్ సంస్థ తన సూపర్‌హీరో పత్రికల వరస మొత్తాన్నీ నిలిపేసి, 52 పత్రికలను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, దానికి ‘న్యూ 52’ అని పేరు పెట్టుకుంది. 1996లో జరిగిన సూపర్‌మ్యాన్, లోయిస్ లేన్‌ల పెళ్లి అసలు జరగనట్టే అయిపోయింది. బ్యాట్‌గర్ల్‌గా పేరుపడ్డ బార్బరా గోర్డన్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 1988 నాటి కథలో జోకర్ కాల్చిన గుండుకు ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా చక్రాల కుర్చీలో కూర్చునే, ఒరాకిల్ అన్న పేరుతో, వీరులందరికీ దారి చూపింది. కొత్త కథలో గుండు దెబ్బ ఉంది కానీ, ఆ కుర్చీలో గడిచిన కాలం మూడేళ్లకు కుదించుకుపోయింది. ఆమె లేచి నిలబడి మళ్లీ బ్యాట్‌గర్ల్ అయింది. మొదట్లో అమ్మకాలు పెరిగాయి, నిజమే. కానీ ఈ పనిని అమ్మకాలతో తూచలేం. ఒకరు చేసినదాన్ని, పడినదాన్ని లెక్కలోంచి తీసేసే హక్కు ఎవరికైనా ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

దీన్ని కొలవడానికి మన దర్శనాల్లోనే గట్టి గీటురాయి ఉంది. ఆత్మ గురించీ కర్మ గురించీ వాదించుకున్న శాస్త్రకారులు ఏ సిద్ధాంతాన్నయినా రెండు దోషాల కోసం వెతికేవారు. చేసిన పని ఫలం లేకుండా పోతే అది కృతనాశం. చెయ్యని పని ఫలం వచ్చి మీద పడితే అది అకృతాభ్యాగమం. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ సిద్ధాంతం చెల్లదు. ఈ పట్టుదల ఎంతవరకు వెళ్లిందంటే, ప్రళయాన్ని కూడా వాళ్లు పూర్తి తుడిచివేతగా ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయానికి భాష్యం రాస్తూ శంకరులు సంసారం అనాది అంటారు. దానికి ఒక కొత్త మొదలు ఒప్పుకుంటే, చెయ్యనిదాని ఫలం జీవుడి మీద పడుతుందన్నది ఆయన అభ్యంతరం. అంటే బ్రహ్మకు తెల్లవారినా అది ఒకటో నంబరు కాదు, పాత ఖాతాలో కొత్త పేజీ. ఈ లెక్కన బార్బరా కథలో కృతనాశం కళ్లకు కట్టినట్టు ఉంది: దెబ్బను ఉంచుకున్నారు, దెబ్బ తిన్నాక ఆమె సాధించినదాన్ని కత్తిరించారు.

సూపర్‌మ్యాన్‌కు ఆత్మ ఏమిటి, కాగితం మీద సిరా కదా అని అడగవచ్చు. ఆత్మను ఒప్పుకోని బౌద్ధులే దీనికి జవాబిచ్చారు. మిళింద పన్హ అనే వాళ్ల గ్రంథంలో ఒక మామిడిపళ్ల దొంగ ఉన్నాడు. తోటవాడు నాటిన పండు వేరు, నేను కోసిన పండు వేరు, కాబట్టి నాది దొంగతనం కాదని వాడి వాదం. ఆ వాదం చెల్లదు, ఎందుకంటే నాటిన పండు లేకపోతే కోసిన పండు లేదు. లోపల మారని వస్తువు ఏదీ లేకపోయినా ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొచ్చే పరంపర ఉంటే చాలు, బాధ్యత తెగదు. కామిక్ వీరుడికి ఆత్మ లేకపోవచ్చు, పరంపర ఉంది. ఆ 904 సంచికల మీదే 2011 నాటి ఒకటో సంచిక అమ్ముడుపోయింది.

రెండో అభ్యంతరం బలమైనది. డెబ్బై మూడేళ్ల కథను చదివి రమ్మంటే కొత్త పాఠకుడు ఏ గుమ్మంలోంచి వస్తాడు? గుమ్మం కావాలి, కాదనను. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో బేతాళ కథ ప్రతి నెలా ఒకేలా మొదలయ్యేది: అదే చెట్టు, అదే శవం, అదే భుజం. ఏ నెల చేతికందినా పిల్లవాడు చదువుకోగలిగేవాడు. అయినా వెనకటి రాత్రుల్లో రాజు నడిచిన నడక ఏ నెలా రద్దు కాలేదు. ఆ నడకే ఈ నెల కథకు బలం. మొల్ల, విశ్వనాథ రామాయణాన్ని మళ్లీ చెప్పినప్పుడు కూడా అంతే, వాళ్లు ముందువాళ్లను చెల్లకుండా చెయ్యలేదు. తిరిగి చెప్పడం వేరు, ఇంతకుముందు చెప్పినది జరగలేదని ప్రకటించడం వేరు. ఆ ప్రకటన చెయ్యగలిగేది హక్కులన్నీ చేతిలో ఉన్న యజమాని ఒక్కడే.

యజమాని కూడా ఇంకోలా చెయ్యవచ్చనడానికి శాతవాహనుల నాణెం సాక్ష్యం. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ దిబ్బల్ని 1940లలో తవ్వినప్పుడు వాళ్ల నాణేలూ, నాణేలు పోసే అచ్చులూ దొరికాయి. అదే వంశపు గౌతమీపుత్ర శాతకర్ణి, తాను ఓడించిన నహపాణుడి వెండి నాణేలను కరిగించకుండా వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో అలాంటివి వేలల్లో బయటపడ్డాయి. ఒకదాన్ని దగ్గరగా చూస్తే మూడు వంపుల కొండ గుర్తు కింద నహపాణుడి ముక్కు, చెంప ఇంకా తెలుస్తుంటాయి. శత్రువు ముఖం మీద కూడా కొత్త ముద్ర పడింది తప్ప వెండి విలువ సున్నా కాలేదు.

కామిక్ పుస్తకాల కోసం ఇంత వాదన ఎందుకంటే, ఈ ఒకటో నంబరు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మనుషుల మీద పడుతుంది కాబట్టి. కాంట్రాక్టరు మారతాడు. అదే షెడ్డు, అదే మిషను, అదే షిఫ్టు. గేటు పాసు మాత్రం కొత్తది, దాని మీద చేరిన తేదీ కొత్తది. పన్నెండేళ్లుగా అదే రియాక్టరు దగ్గర నిలబడ్డ మనిషి ఆ ఉదయం కొత్తగా చేరినవాడవుతాడు. 2025 దాకా అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఎడతెగకుండా ఐదేళ్లు చేస్తే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాల్సి ఉండేది. తేదీ మారితే ఆ ఐదేళ్లు ఎప్పటికీ నిండేవి కావు. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆవిరి పాత తేదీ నుంచే లెక్క, డబ్బు కొత్త తేదీ నుంచి. బార్బరాకు జరిగింది కూడా ఇదే. పరిశ్రమ చేతులు మారినప్పుడు కార్మికుడి సర్వీసు తెగకూడదన్న ఆలోచన 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. కాంట్రాక్టరు మారేటప్పుడు ఆ ఆలోచనను గేటు బయటే ఆపేస్తున్నారు.

డీసీ 2016లో తన తప్పును కొంత దిద్దుకుంది. న్యూ 52లో మాయం చేసిన పాత వీరుడు వాలీ వెస్ట్‌ను మళ్లీ తెచ్చింది. ‘యాక్షన్ కామిక్స్’ మీద 957 అని వేసింది. 904కు న్యూ 52 కాలపు 52 సంచికలు కలిపి, ఆపై ఒకటి. కొత్త లెక్కను పారెయ్యలేదు, పాతదాన్ని వదల్లేదు. కాగితపు వీరుడికి ఆ కూడిక వేసినప్పుడు మనిషికి వెయ్యలేకపోవడానికి కారణం ఏమీ కనబడదు. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో, బొల్లారంలో ఈసారి కాంట్రాక్టరును మార్చే యాజమాన్యాలు కొత్త మస్టరు రోలులో ప్రతి పేరు పక్కనా మొదట చేరిన తేదీని రాయించాలి.