ఖాళీ చోటు

మొన్న మా అబ్బాయి కంప్యూటరు కొనుక్కుంటానంటూ లెక్కలు వేసుకుంటుంటే, "దాన్లో ఖాళీ చోటెంత ఉంటుందిరా?" అని అడిగాను. "పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు మూడు. అయినా నీకెందుకమ్మా ఇవన్నీ?" అని నవ్వాడు.

ఎందుకేమిటి! ఆ ఖాళీ చోటు మూలంగానే మా అమ్మా, మేనమామా ఆరేళ్ళు మాట్లాడుకోలేదు.

1993. బ్రాడీపేటలో అద్దె ఇల్లు. నాన్న మిర్చి కమీషను కొట్టులో గుమాస్తా. రైతు చేతికిచ్చే పట్టీ తెలుగులో ఉండాలనీ, బస్తాలెన్నో, తరుగెంతో, హమాలీ ఎంతో అతను తనే చదువుకోవాలనీ ఆయన కోరిక. పూణేలోని సీ-డాక్ వాళ్ళ 'జిస్ట్' కార్డుని కంప్యూటర్లో గుచ్చితే తెర మీద తెలుగు అక్షరాలు వస్తాయని ఎవరో చెప్పారు. ఇక ఆయనకి నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి మామయ్య ఉత్తరం. తను వాడిన ఐబీఎం పీఎస్/2 తెచ్చిస్తాననీ, పైసా ఇవ్వక్కర్లేదనీ. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. నాన్న వద్దన్నారు! అమ్మ చీటీ డబ్బుతో ఊరూపేరూ లేని మామూలు కంప్యూటరు కొన్నారు.

సంగతేమిటంటే, కంప్యూటర్లో ఏ కార్డు ఏ స్లాటులో పడుతుందో తేల్చే పద్ధతిని బస్ అంటారు. (మన ఆర్టీసీకీ దీనికీ చుట్టరికం లేదు.) 1981లో ఐబీఎం పెట్టి, 1984లో పెంచిన పద్ధతినే లోకమంతా పట్టుకుంది. 1987లో అదే కంపెనీ పీఎస్/2లో మైక్రో చానెల్ అని కొత్తది తెచ్చింది. నిజంగానే మెరుగైనది. కాని పాత కార్డు ఒక్కటీ అందులో పట్టదు. ఇతరులు ఆ పద్ధతి వాడుకోవాలంటే రుసుము కట్టుకోవాలి. దాంతో 1988లో కాంపాక్‌తో సహా తొమ్మిది కంపెనీలు ఒక్కటై, పాత కార్డులు కూడా పట్టే మరో పద్ధతి ప్రకటించాయి. నాన్న మనసుపడ్డ కార్డు పాత స్లాటుకి చేసింది.

మీరే చెప్పండి. ఊరికే వచ్చే మేలిరకాన్ని, మన అక్షరానికి చోటు లేదని కాదనడం వివేకమా, మూర్ఖత్వమా? పెళ్ళి సంబంధాల్లో చూడమూ? మేడా కారూ ఉంటాయి, పిల్ల వీణ పెట్టుకోవడానికి మాత్రం ఆ ఇంట్లో మూల దొరకదు. అయినా "మంచి సంబంధం" అనే అంటాం.

తెలుగు పట్టీలు మొదలైన వారానికే ఒక రైతు, "గుమాస్తాగారూ, హమాలీ రెండుసార్లు పడిందేంటండీ?" అని అడిగాడట. తప్పు నాన్నదే. ఆ తప్పుని ఆయన పండగలా పదిమందికీ చెప్పుకున్నారు.

అందుకే ఆ యంత్రం విషయంలో నాన్నని తప్పుపట్టను. కాని మామయ్యకి రాసిన కార్డులో "మాకు పనికిరాదు" అని రెండే ముక్కలు రాశారు. ఎందుకో రాయలేదు. ఇవ్వబోయిన చెయ్యి ఎంత చిన్నబోయిందో! అది మాత్రం ఈనాటికీ నాకు సమ్మతం కాదు.

1999లో అక్క పెళ్ళికి మామయ్య వచ్చాడు. అప్పటికి మైక్రో చానెల్ ఊసే లేదు. పాత స్లాట్లకీ రోజులు దగ్గరపడ్డాయి. నాన్న మాట్లాడకుండా కంప్యూటరు పెట్టి, ఒక పట్టీ తీసి చేతికిచ్చారు. మామయ్య దాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"ఈ మాట అప్పుడే రాయొచ్చుగా బావా?" అన్నాడు.

నాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అమ్మ వంటింట్లోంచి, "అన్నయ్యా, కాఫీలో పంచదార ఇదివరకట్లాగే వెయ్యనా?" అని అడిగింది.