సాంబ్రాణి పొగా, మనశ్శాంతీ





మస్కట్‌లో ఉండే మనవాళ్ళకి మత్రా సూక్ గురించి చెప్పక్కర్లేదు. సందు మొదట్లోనే లుబాన్ పొగ పలకరిస్తుంది. సలాలా వైపు ధోఫార్‌లో చెట్టు బెరడుకి గాటు పెడితే కారే జిగురు అది. హోజరీ రకానికి ధర ఎక్కువ. ఒమానీలు దాన్ని రాత్రి నీళ్ళలో నానేసి పొద్దున్నే తాగుతారు, కడుపుకీ జ్ఞాపకశక్తికీ మంచిదంటారు. మన ఇళ్ళలో దేవుడి దగ్గర వేసే సాంబ్రాణి చాలావరకు వేరే చెట్టుది. ఇక్కడికొచ్చాక మా ఇంట్లో లుబానే!

"సాంబ్రాణి పొగ మెదడుకి మందని శాస్త్రవేత్తలు తేల్చారు" అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. తేల్చింది ఎంతో చూడండి. 2008లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళూ మరికొందరూ ఈ జాతి జిగురు నుంచి ఇన్సెన్సోల్ అసిటేట్ అనే పదార్థాన్ని విడదీసి ఎలుకలకిస్తే, వాటి బెదురు తగ్గింది. అంతే. మనుషుల మరుపు పోతుందని అందులో లేదు.

సరే, పూజలో కలిగే శాంతి కూడా ఆ పదార్థం చలవే అనుకుందాం. అప్పుడు మన భక్తి ఏమైనట్టు? నాకైతే బాధ లేదు. ఆకలేస్తే జపం కుదరదు. అన్నం తిన్నాక కుదిరితే, ఆ జపం అన్నం చేసిందంటామా? పొగ మనసుని కూర్చోబెడుతుందేమో గానీ, కూర్చున్నాక ఎవరిని తలుచుకోవాలో అది చెప్పదు కదా.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఊళ్ళో మా అమ్మ పేర్లు మర్చిపోవడం మొదలెట్టింది. నేను రూవీ నుంచి, ఊరెళ్ళేవాళ్ళ చేత లుబాన్, సరస్వతి ఆకు మాత్రలు పంపాను. "వేసుకుంటున్నావా అమ్మా?" అంటే "ఆఁ నాయనా" అనేది. ఎనిమిది నెలలు గడిచాయి. సెలవులో వెళ్ళి డాక్టరుకి చూపిస్తే బి12 బాగా తక్కువ. దానివల్ల కూడా మరుపు వస్తుందట, తొందరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతుందట. సూదులు వేశారు. కొంత తేరుకుంది, కొంత తేరుకోలేదు.

ఆకునేమీ అనను. వెళ్ళాల్సిన కొడుకు పొట్లం పంపి, అదే సేవ అనుకున్నాడు. రోజూ లుబాన్ వేసి "అమ్మ బాగుండాలి స్వామీ" అని దణ్ణం కూడా పెట్టుకున్నాడు. పొట్లాలు సగం విప్పకుండానే బీరువాలో ఉన్నాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి మరుపు కనబడుతుంటే, ఇవాళ ఫోన్ చేసినప్పుడు బి12, థైరాయిడ్ పరీక్షల సంగతి డాక్టర్ని అడగమనండి. తోడు ఎవరు వెళ్తారో కూడా అప్పుడే కనుక్కోండి.

🙏