అంటు కింది చిగురు

జగిత్యాల దగ్గరి ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు తండ్రి పంచి ఇచ్చిన చెల్కలో చెరో ఎకరం మామిడి పెట్టారు. ఎండాకాలంలో మూడడుగుల గుంతలు తవ్వి, ఎండనిచ్చి, పైమన్నులో పెంట కలిపి నింపారు. మృగశిర వానలు పడగానే మొక్కకూ మొక్కకూ 33 అడుగుల ఎడంతో, ఎకరానికి 40 బంగినపల్లి అంట్లు నాటారు. ఇక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే ఖర్చు.

అంటు మొక్కంటే ఒకే కాండంలో రెండు చెట్లు. కింద నాటు టెంక మొలిచిన వేరు, పైన బంగినపల్లి కొమ్మ. కొన్నాళ్లకు అంటు కట్టిన చోటికి కింద చిగుర్లు లేచాయి. అన్న చాకుతో వాటిని మొదలంటా తీసేశాడు. తమ్ముడికి మనసు రాలేదు. "గింత మంచిగ ఒస్తుంటే కోసుడేందే అన్నా?" అన్నాడు.

తమ్ముడు సోమరి కాడు. ఇలాంటి కథల్లో చెడిపోయేవాడు సోమరే అయివుంటాడు కాబట్టి ఆ మాట ముందే చెప్పాలి. అన్నకన్నా రెండు బిందెలు ఎక్కువే పోశాడు, పెంటా ఎక్కువే వేశాడు. అదంతా కింది చిగురే తాగేసింది. రెండేళ్లలో పైకొమ్మను దాటి, దానికి ఎండ తగలనివ్వలేదు. బంగినపల్లి కొమ్మ సన్నగిల్లి ఎండిపోయింది. దారిన పోయేవాళ్లు మాత్రం తమ్ముడి తోటనే మెచ్చుకున్నారు. అన్న చెట్లు పొట్టివి, పైగా మూడేళ్లదాకా వచ్చిన పూతనంతా గిల్లేసేవాడని అతన్ని చూసి నవ్వారు.

ఐదో ఏట అన్న చెట్లు కాశాయి. తమ్ముడివి ఇంకో మూడేళ్లు ఊరించి కాశాయి. చల్‌గల్ మార్కెట్లో వ్యాపారి ఒక కాయ కోసి చూశాడు. పీచు, పులుపు, లావు టెంక. "గివి ఢిల్లీ లారీ ఎక్కయి తమ్మీ, తొక్కుకు అమ్ముకో" అన్నాడు.

ఇంటికొచ్చి గొడ్డలి తీసిన కొడుకును తండ్రి ఆపాడు. "వేరేం తప్పు జేసిందిర? ఇన్ని ఎండలకు ఆగింది గదే. మొద్దులు నడుమెత్తున కోయి. కొత్త చిగుర్లొస్తయ్. వాటికి మీ అన్న చెట్ల పుల్లలు తెచ్చి అంటు కట్టుకో."

నీతి: కష్టపడ్డవాడికే ఫలం దక్కుతుందని ఈ కథ చెప్పదు. ఎక్కువ కష్టపడ్డది తమ్ముడే. పోసిన నీళ్లు ఏ కొమ్మ తాగుతోందో అతను వంగి చూడలేదు, అంతే. గల్ఫ్ నుంచి ఇళ్లకు పైసలొచ్చే ఈ జిల్లాల్లో ఇది తోటలతోనే ఆగే మాట కాదు. వచ్చినవి పిల్లల చదువుకు పోతున్నాయా, మిత్తికి పోతున్నాయా అన్నది కూడా వంగి చూడాల్సిందే. అలాగని నాటు వేరు చెడ్డదేమీ కాదు, కింద ఉన్నంతకాలం చెట్టుకు అదే బలం. కొమ్మై లేచినప్పుడే దానికి చాకు పెట్టాలి. అప్పటికే ఆలస్యమైతే, గొడ్డలి ఎత్తేముందు వేరు బతికుందో లేదో చూసుకోవాలి.