గగనం ఏలినవాడు, ఇల్లు మరవనివాడు



సికింద్రాబాద్ సైనిక్‌పురిలో పొద్దున్నే నడిచేవారికి గేట్ల మీద కల్నల్, వింగ్ కమాండర్, బ్రాకెట్లో రిటైర్డ్ అన్న పేరుపలకలు కనిపిస్తాయి. అలాంటి ఒక విశ్రాంత యోధుణ్ణి ఈ ఉదయం తలుచుకుందాం.

ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ మన జంటనగరాల బిడ్డ. 1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1942లో వైమానిక దళంలో అధికారి అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పోరాడారు. దేశ విభజన వేళ తోటి అధికారులు పాకిస్తాన్‌కు రమ్మని పిలిచినా, పుట్టిన గడ్డను వదల్లేదు. 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. 1981లో, 58 ఏళ్ల వయసులో, పదవి దిగబోయే ముందు మిగ్-25లో కూర్చుని ఆకాశం చుట్టివచ్చారు.

తర్వాత మహారాష్ట్ర గవర్నర్, ఫ్రాన్స్‌లో రాయబారి. పదవులన్నీ ముగిశాక చేరింది మళ్లీ హైదరాబాద్‌కే. భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, సమాజ సేవకురాలు, పద్మశ్రీ గ్రహీత. భర్త జీవితకథను ఆమే స్వయంగా పుస్తకంగా రాశారు. బయటి లోకం పతకాలు ఇస్తుంది; ఇంట్లోవాళ్లు మాత్రం మనిషిని తూచి చెబుతారు. ఇల్లాలే మెచ్చి కథ రాసిందంటే, అంతకు మించిన బిరుదేముంది? ఆమె 2017లో, ఆయన 2018లో కన్నుమూశారు.

మీ వీధిలోనూ ఒక మాజీ సైనికుడు ఉండే ఉంటారు. ఈరోజు ఆయన్ను పలకరించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, ఆయన కథ ఆయన నోటే విననివ్వండి.