పేతురుకు ఒక సువార్త, పౌలుకు ఇంకొకటా?



విజయవాడ కూటాల్లో నన్ను తరచూ అడుగుతుంటారు: పెంతెకొస్తు దినాన పేతురు చెప్పిన మారుమనస్సు, బాప్తిస్మం యూదులకే, మనకు పౌలు చెప్పిన విశ్వాసం చాలదా అని. గలతీ 2:7 చూపించి అలా బోధించేవారున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ అపొస్తలులు పంచుకున్నది పొలాన్ని, విత్తనం ఒకటే. 1841లో మన మచిలీపట్నం వచ్చిన మిషనరీల్లో ఫాక్స్ ఊళ్లు తిరిగి ప్రకటించాడు, నోబుల్ బడి పెట్టి అగ్రకులాల పిల్లలకు చెప్పాడు. ఇద్దరూ చెప్పింది యేసయ్యనే కదా!

యెరూషలేము సభలో పేతురే అన్నాడు, వాళ్లలాగే మనమూ కృపవల్లనే రక్షణ పొందుతామని (అపొ. కా. 15:11). మరి అంతియొకయలో పౌలు ఆయన్ని నిలదీసింది భోజనం దగ్గర. అన్యజనులతో కలిసి తింటున్నవాడు, యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరైపోయాడు. ఈసారి మీ సంఘంలో ప్రేమవిందు జరిగినప్పుడు బంతి చూడండి, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో.